శ్రీలంకలో ఐదు రోజులు: సిగిరియా ఎక్కాలా?

ప్రశ్న: ఆగస్టులో అమ్మను తీసుకుని 5 రోజులు శ్రీలంక వెళ్లాలనుకుంటున్నాను. ఆమెకు 68 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. సిగిరియా ఎక్కగలరా? చరిత్ర, ప్రకృతి రెండూ చూడాలంటే ఏ ఊళ్లు ఎంచుకోవాలి?
– ఒక పాఠకురాలు, మల్కాజిగిరి, హైదరాబాదు

జవాబు: గోల్కొండ బాలాహిసార్ ఎక్కడానికే వెనకాడే మోకాళ్లయితే సిగిరియా ఆలోచన మానుకోవడం మంచిది. 5వ శతాబ్దంలో కాశ్యప రాజు కోట కట్టుకున్న ఆ బండ దాదాపు 180 మీటర్ల ఎత్తుంటుంది. మెట్లు వెయ్యికి పైనే, వాటిలో కొన్ని నిటారైన ఇనుప మెట్లు. అయితే కొండ దిగువన ఉన్న నీటితోటలు చదునైన నేల మీదే ఉన్నాయి కనుక, మీరు బండ మీది కుడ్యచిత్రాలు, పైకి వెళ్లే దారిలోని పెద్ద సింహపాదాలు చూసి వచ్చేలోగా అమ్మగారు అక్కడి కొలనుల మధ్య నెమ్మదిగా తిరగవచ్చు.

ఆమె కోసం నేను పాత రాజధాని పొలొన్నరువకే ఎక్కువ సమయం ఇస్తాను. శిథిలాలు విశాలంగా పరుచుకుని ఉన్నా, చాలా చోట్లకు దగ్గరదాకా వాహనం వెళుతుంది. 12వ శతాబ్దంలో పరాక్రమబాహు రాజు కాలాన ఒకే రాతిలో మలచిన గల్ విహార విగ్రహాల్లో, సుమారు 14 మీటర్ల పొడవున శయనించిన బుద్ధుడి తలగడ మీద పడిన నొక్కును కూడా శిల్పి విడిచిపెట్టలేదు. చెప్పులు విప్పాలి, మధ్యాహ్నం రాయి కాలుతుంది. మందమైన సాక్సులు తీసుకెళ్లండి.

దగ్గరలోని మిన్నేరియాకు మీరు సరైన నెలలోనే వెళుతున్నారు. మహాసేన రాజు కట్టించిన ఆ చెరువులో, అక్కడ వానలు లేని ఈ కాలంలో నీరు తగ్గి, బయటపడిన నేలలో లేతగడ్డి మొలవడంతో, ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో ఏనుగులు గుంపులుగా అక్కడికి చేరతాయి. జీపులోనే కూర్చుని చూడవచ్చు.

చివరి రెండు రోజులు క్యాండీకి కేటాయించండి. బుద్ధుడి దంతాన్ని భద్రపరిచిన దంతధాతు ఆలయాన్ని అందరూ చూస్తారు. తెలుగువారు మరొకటి గమనించాలి. 1739 నుంచి క్యాండీ రాజ్యాన్ని ఏలినవారు తెలుగు మూలాలున్న మదురై నాయకుల బంధువర్గం. ఆలయం ముందరి చెరువు తవ్వించిన చివరి రాజు శ్రీ విక్రమ రాజసింహను 1815లో ఆంగ్లేయులు గద్దె దింపి వేలూరు కోటకు పంపగా, ఆయన 1832లో అక్కడే మరణించాడు. ఆ ఆలయం ఏటా జరిపే ఎసల పెరహెర ఊరేగింపు జులై, ఆగస్టు నెలల్లోనే వస్తుంది కనుక, ముందు దాని తేదీలు తెలుసుకుని ఆ తరువాతే గది తీసుకోండి.

గాలె కోటను, నైరుతి తీరాన్ని ఈసారికి వదిలేయండి; ఆ వైపు అప్పటికి వానలు పూర్తిగా తగ్గవు, పైగా ప్రయాణానికే ఒక రోజు పోతుంది.