ముందు చూపించుకో, తర్వాతే మందు

పాపా,

కింద దురద పోవడం లేదు, ఏ మందు మంచిదని నువ్వు పెట్టిన మెసేజీ చూసినా. దానికి ముందు రెండు పెట్టి తుడిచేసినట్టు కూడా కనపడింది. పెద్దమ్మకు రాయడానికే ఇంత మొహమాటమైతే, ఓపీలో డాక్టరు ఎదురుగా కూర్చుని చెప్పడం నీకెంత కష్టమో తెలుస్తానే ఉంది. నర్సుగా ఆడోళ్ల ఓపీలో చానా ఏండ్లు చేసి రిటైరైనదాన్ని గదా, కింద దురద అని రాని రోజు నేను చూడలేదు. కాకపోతే ఎవరూ నేరుగా చెప్పరు. నడుము నొప్పి అని చీటీ రాయించుకుంటారు. డాక్టరమ్మ మందు రాసి, తర్వాతి మనిషిని పిలవబోతుంటే, కుర్చీలోంచి లేవకుండా కొంగు చివర మెలిపెడతా "ఇంకోటుంది మేడం" అంటారు. ఆ ఇంకోటే అసలు సంగతి. అప్పటికి బయట వరుస గోల చేస్తా ఉంటాది, చూసే టైము ఉండదు. నువ్వట్ల చేయొద్దు. కూర్చోగానే మొదటి మాటే అది చెప్పు: "కింద దురద, ఇన్ని నెలలైంది, ఈ మందులు వాడినా."

నువ్వు పంపిన ట్యూబు ఫోటోను పెద్దది చేసి చదివినా. అందులో క్లోబెటసాల్ అని ఉంది చూడు, అది గట్టి స్టెరాయిడ్. దానికి తోడు ఒక ఫంగస్ మందు, ఒక యాంటీబయాటిక్. జబ్బేందో తెలియనప్పుడు ఏదో ఒకటి తగులుతాదిలే అని షాపులో చేతికిచ్చే రకం. పూసినన్నాళ్లు హాయి, మానగానే రెట్టింపు అని నువ్వే రాసినావు గదా. స్టెరాయిడ్ చేసే పని అదే. ఎరుపునూ దురదనూ అణుస్తాది. కింద ఫంగస్ ఉంటే మాత్రం దొంగకు అన్నం పెట్టి ఇంట్లో దాచినట్టే. గజ్జల్లో తామర ఉన్నోళ్లకు అది గుండ్రంగా, అంచు గట్టు కట్టినట్టు కనపడాలి. ఈ ట్యూబు పూసేకొద్దీ ఆ అంచు చెదిరిపోయి తొడలకూ పిరుదులకూ పాకుతాది, తెలిసిన డాక్టరు కూడా ఒక పట్టాన గుర్తుపట్టలేరు. పైగా చర్మం పలచబడతాది, చారలు పడతాయి. కొన్ని స్టెరాయిడ్ క్రీములను డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలని 2018లో కేంద్రం జాబితాలో చేర్చింది. అయినా అల్లుడు పోయి "దురదకు ఏదన్నా ఇవ్వన్నా" అంటే ఇచ్చినారు. అల్లుణ్ణి ఏమీ అనొద్దు, నువ్వడిగితేనే తెచ్చినాడు.

ఇప్పుడు నువ్వడిగింది, "ఏ మందు మంచిది పెద్దమ్మా?" అని. నేను చెప్పను. తెలియక కాదు, చూడకుండా చెప్పకూడదని. దురద ఒకటే గానీ దాని వెనక ఉండేది మనిషికొకటి. పెరుగు విరిగినట్టు తెల్లబట్ట, ఎరుపు, మూత్రానికి పోతే మంట ఉంటే చానావరకు ఈస్టు, అంటే క్యాండిడా అనే ఫంగస్. పలచగా, బూడిద రంగులో, చేపల వాసన కొడతా ఉంటే అది బ్యాక్టీరియాది. దాంట్లో దురద తక్కువ. పసుపు, ఆకుపచ్చ కలిసి నురగగా పోతే ట్రైకోమోనాస్, అంటే కలయికతో అంటుకునే ఒక క్రిమి. తెల్లబట్ట ఏమీ లేకుండా పైచర్మమే మంటగా, పగిలినట్టుంటే సబ్బో, ప్యాడో, వెంట్రుకలు తీసే క్రీమో పడలేదని. ఇవన్నీ నాలాంటోళ్లు చూసినా ఒక్కోసారి తప్పుతాం, రెండు కలిసి కూడా ఉంటాయి. నెలసరికి నెలసరికి మధ్య కొన్ని రోజులు గుడ్డులోని తెల్లసొన మాదిరి జారుడుగా పోవడం మాత్రం జబ్బు కాదు. దానికీ మందులు మింగేటోళ్లు ఉండారు.

డాక్టరు చేసేది పెద్దదేం కాదు. పడుకోబెట్టి లైటు వేసి పైన చర్మం చూస్తారు, స్పెక్యులమ్ అనే చిన్న పరికరం పెట్టి లోపల చూస్తారు, దూదిపుల్లతో కొంచెం స్రావం తీస్తారు. దాన్ని మైక్రోస్కోపు కింద చూస్తే ఈస్టు తీగలు కనపడతాయి. స్రావంలో ఆమ్లం ఎంతుందో చూపే పీహెచ్ కాగితం కూడా కొందరు తగిలిస్తారు. 4.5 దాటితే ఈస్టు మీద కాకుండా బ్యాక్టీరియా, ట్రైకోమోనాస్ మీదికి అనుమానం పోతాది. ఎవరైనా చూడకుండా, కూర్చున్నచోటే మందు రాసిస్తే, "మేడం, ఒకసారి చూసి రాయండి, ఇంతకుముందు వాడినవి పని చేయలేదు" అను. అట్ల అడగడం తప్పు కాదు. పోయే ముందు రెండు మూడు రోజులు లోపల పెట్టే మాత్రలు, క్రీములు ఏవీ వాడొద్దు. ఆ పొద్దు లోపల కడుక్కోవద్దు. ముట్టు రోజులైతే తగ్గినాక పో. నెల తప్పిందేమో అని ఏ కొంచెం అనుమానం ఉన్నా ముందే చెప్పాల. ఈస్టుకు మింగించే ఫ్లూకోనజోల్ మాత్ర కడుపుతో ఉన్నోళ్లకు ఇవ్వరు, వాళ్లకు లోపల పెట్టే క్లోట్రిమజోల్ ఇస్తారు.

ప్రభుత్వాసుపత్రుల్లో సురక్ష క్లినిక్ అని ఉంటాది. అక్కడ ఉచితం. తెల్లబట్టకు అక్కడిచ్చేది రెండో నంబరు కిట్టు, ఆకుపచ్చది. అందులో బ్యాక్టీరియాకు, ట్రైకోమోనాస్‌కు సెక్నిడజోల్, ఈస్టుకు ఫ్లూకోనజోల్ ఉంటాయి. ల్యాబు లేని చోట లక్షణాన్ని బట్టి ఇచ్చే వైద్యం అది, చానామందికి దాంతోనే పోతాది కూడా. ఆ బోర్డు చూసి సుఖవ్యాధుల గది అని జనం తల దించుకుని పోతారు, నువ్వు పట్టించుకోవద్దు. కానీ ఆ కిట్టుతో పోకపోతే మళ్లీ అదే కిట్టు అడగొద్దు. అప్పుడు పరీక్ష తప్పనిసరి.

ఈస్టు అని తేలితే ఇంకో మాట అడుగు, ఇది ఏడాదికి ఎన్నిసార్లు వస్తే ఎక్కువ అని. మూడు నాలుగుసార్లు వస్తా ఉంటే ఒక్క మాత్రతో సరిపెట్టరు. 150 మిల్లీగ్రాముల ఫ్లూకోనజోల్ మూడు రోజులకొకటి చొప్పున మూడు ఇచ్చి, తర్వాత వారానికొకటి ఆరు నెలలు వాడమంటారు. చానామంది ఇక్కడే ఆగిపోతారు. దురద పోయింది గదా అని రెండో నెలలో మానేస్తారు, వేసవికి మళ్లీ వస్తారు. దాంతోపాటు షుగరు పరీక్ష చేయమను. నీకు ముప్పై దాటలేదు, అయినా చేయించుకో. షుగరు బయటపడేదే ఇట్ల దురదతో అయినోళ్లను చూసినా. ఈమధ్య జలుబుకు, పంటికి యాంటీబయాటిక్ వాడి ఉంటే అదీ చెప్పు, దాని తర్వాత ఈస్టు లేస్తాది.

నువ్వు అడగలేక అడిగిన ప్రశ్న, అల్లుడి వల్ల వచ్చిందా అని. ఈస్టు అట్ల వచ్చేది కాదు. అతనికి దురద, ఎరుపు ఉంటే తప్ప అతనికి మందక్కరలేదు. ట్రైకోమోనాస్ అయితే ఇద్దరూ వాడాల, కోర్సు అయ్యేదాకా దూరంగా ఉండాల. గజ్జల్లో తామర అయి అది అతనికీ ఉంటే, మందు నీకొక్కదానికే వాడి లాభం లేదు. ఇద్దరికీ వైద్యం, తువ్వాళ్లు వేరు. దానికి చర్మం డాక్టరు దగ్గరికి పంపుతారు, వారాల తరబడి వాడాల్సి ఉంటాది.

మీ అత్త సంగతి కూడా రాసినావు. వేపాకు పసుపు నూరి ఇచ్చింది ఆమే, రాత్రిళ్లు ఆమె కూడా గీరుకుంటా ఉంటాదని. నాకు నీకన్నా ఆమె మీదే దిగులు. ముట్లు ఆగిన వయసులో దురద అంటే చర్మం ఆరిపోవడం కావచ్చు, దానికి ఈస్ట్రోజన్ అనే హార్మోను క్రీము ఉంది. లేదా లైకెన్ స్క్లెరోసస్ అనే చర్మం జబ్బు కావచ్చు. చర్మం తెల్లగా, కాగితం మాదిరి పలచగా అయి పగులుతాది, పట్టించుకోకపోతే ఆ చోటు ఆకారమే మారిపోతాది, కొద్దిమందికి క్యాన్సరు దాకా పోతాది. దానికి మందేంటో తెలుసా? నీకు వద్దన్న ఆ క్లోబెటసాలే. రాత్రిపూట వేలి కొసంత, నెల రోజులు, తర్వాత రోజు విడిచి రోజు, తర్వాత వారానికి రెండుసార్లు, డాక్టరు చూస్తా ఉండంగా. ఒకే ఇంట్లో ఒకరికి చెరుపు చేసేది ఇంకొకరికి మందు. అందుకే షాపులో అడగొద్దంటా ఉండా. అట్లని మీ ట్యూబు ఆమెకిచ్చేవు, వద్దు! ఆమెకు షుగరు గదా, డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి మాత్రలేమన్నా ఉండాయేమో చీటీ చూడు. అవి చక్కెరను మూత్రంలో పంపించేస్తాయి, దాంతో అక్కడ ఈస్టు పెరుగుతాది. సొంతంగా ఆపొద్దు, రాసిన డాక్టరుకు చెప్పాల.

పోయేదాకా చేయాల్సింది తక్కువే. ఆ ట్యూబు ఆపు, పారేయొద్దు, చూపించడానికి కావాల. పసుపు, డెట్టాల్, టీవీలో చూపే వాష్‌లు అన్నీ బంద్. వట్టి నీళ్లతో పైపైన కడుక్కుంటే చాలు. మరీ వేడినీళ్లు పోసుకుంటే అప్పటికి హాయిగా ఉండి గంటకు మంట లేస్తాది. దురద పట్టలేకపోతే చన్నీళ్లలో తడిపిన గుడ్డ పెట్టుకో, పైన కొబ్బరినూనె రాసుకో, గోర్లు కత్తిరించుకో. మన బోరునీళ్లకు సబ్బు సరిగా వదలదు, లోదుస్తులు ఇంకోసారి జాడించు. వాటిని చీర కింద దాచి ఆరేసే అలవాటు మానుకో. తాడిపత్రి ఎండకు మిద్దె మీద గంటలో కరకరమంటాయి, ఎవరు చూస్తే ఏం?

జ్వరం, పొత్తికడుపు నొప్పి, పుండ్లు, ముట్టు ఆగినోళ్లకు రక్తం కనపడడం, వీటిలో ఏది ఉన్నా వారం చూద్దామనొద్దు.

సోమవారం పొద్దున మొదటి బస్సుకు అనంతపురం వచ్చేయ్. పెద్దాసుపత్రికి నేను తోడొస్తా. ఆధార్, ఆ ట్యూబు, మీ అత్త షుగరు చీటీలు తెచ్చుకో. ఆమెను పరీక్షకు అంటే రాదు. కోడలికి తోడు రమ్మని నేనే ఫోన్ చేస్తా, ఇక్కడికొచ్చినాక ఆమె చీటీ కూడా రాయిస్తా. పిల్లోణ్ణి ఆ పొద్దు అల్లుడు బడికి పంపిస్తాడులే, ఆ మాటా నేనే చెప్తా.

ఇట్లు,
మీ పెద్దమ్మ