క్లస్టర్ పీకే ముందు ఒక్క మాట

అల్లుడూ,

క్లస్టర్‌లో ఒక నోడ్, అంటే ఒక సర్వర్, ఆపి మూడు రోజులైంది, ఎవరూ ఫోన్ చేయలేదు, అంటే ఎవరూ వాడట్లేదు కాబట్టి శనివారం రిషికొండ ఆఫీసుకెళ్లి రెండూ చెరిపేస్తానన్నావు చూడు, రాత్రి ఆ మాట విన్నప్పటి నుంచి నాకు టెన్షన్‌గా ఉంది. ఫెయిలోవర్ క్లస్టర్ ఉన్నదే అందుకు కదరా! ఒకటి పడితే రెండోది పని అందుకుంటుంది. నీ పరీక్షలో తేలింది క్లస్టర్ బాగుందని, అంతే.

ఆపాల్సింది నోడ్‌ని కాదు, రోల్‌ని, అంటే క్లస్టర్ మీద నడిచే సర్వీసుని. రోల్ ఆఫ్‌లైన్ పెట్టి, ఏదీ చెరపకుండా, కనీసం ఒక నెలాఖరు దాటే దాకా ఆగు. గాజువాక వైపు ఒక కంపెనీలో నేను వారమే ఆగి అంతా తుడిచేశా. నెలాఖరున కాంట్రాక్టు వాళ్ల జీతాల ప్రోగ్రాం పాత క్లస్టర్ పేరు కోసం వెతుక్కుని ఆగిపోయింది. బ్యాకప్ ఉండబట్టి బతికిపోయాను, కానీ రెండు రాత్రులు సర్వర్ రూంలోనే. అందుకే బ్యాకప్ తీశానంటే చాలదు, వేరే మెషీన్‌లో రీస్టోర్ చేసి చూడు.

అక్టోబరు, నవంబరుల్లో తుఫాను కబురుంటే ఈ పని ముట్టుకోకు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు కరెంటు లేక మనం ఎలా ఉన్నామో మీ అమ్మనడుగు.

చెరిపే రోజున తొందరపడి ముందే ఏ నోడ్‌నీ ఫార్మాట్ చేయకు. ఎస్‌క్యూఎల్ అవైలబిలిటీ గ్రూప్ (డేటాబేస్ కాపీలు వేర్వేరు నోడ్‌లలో ఉంచే ఏర్పాటు) ఉంటే క్లస్టర్ బతికుండగానే దాన్ని తీసెయ్యి. తర్వాత రోల్స్, ఆ తర్వాతే క్లస్టర్. రిమూవ్-క్లస్టర్ కమాండ్‌కి క్లీనప్ఏడీ జోడిస్తే యాక్టివ్ డైరెక్టరీలో (ఆఫీసు కంప్యూటర్లు, లాగిన్‌ల జాబితా) దాని పేర్లు కూడా పోతాయి, నీ లాగిన్‌కి ఆ పర్మిషన్ ఉండాలి మరి. పేర్లకు అడ్రసులు చెప్పే డీఎన్ఎస్‌లో ఏమైనా మిగిలితే చేత్తో తీసెయ్. ఏ నోడ్ అయినా ఇంకా క్లస్టర్‌లోనే ఉన్నాననుకుంటుంటే దాన్ని విడిపించడానికి క్లియర్-క్లస్టర్‌నోడ్ కమాండ్ ఉంది.

అసలు భయం స్టోరేజ్ దగ్గర. సైజు చూసి, డ్రైవ్ అక్షరం చూసి లన్ (స్టోరేజ్ నుంచి సర్వర్‌కి ఇచ్చిన డిస్కు) తీసేయకు, ఒకే సైజువి పక్కపక్కనే నాలుగుంటాయి. సీరియల్ నంబర్ స్టోరేజ్ వాళ్లతో ఫోన్లో పైకి చదివించుకో, సిగ్గుపడకు. బ్యాకప్ జాబ్ తీసేటప్పుడు పాత బ్యాకప్‌లు కూడా దానితో పోతాయేమో చూసుకో.

ఇవన్నీ తర్వాత. నువ్వు ఆపిన నోడ్ ఇంకా ఆపే ఉంది కదా, ఈ మూడు రోజులూ ఒంటి కాలి మీద నడుస్తోంది మీ సిస్టం. ముందు అది ఆన్ చేసి నాకు మెసేజ్ పెట్టు.

మామయ్య