మా వదిన పేరు మీద నువ్వు ఇవ్వదలచిన రెండు లక్షల గురించి

దేవరకొండ

చిరంజీవి మేనల్లుడికి మేనత్త ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. అమ్మ సంవత్సరీకం నాటికి ఆమె పేరు మీద రెండు లక్షల రూపాయలు వెచ్చించి, మన ఊళ్లో అన్నదానం చేసి, భర్త లేని ఆడవాళ్లకు చీరలూ, పదిమందికి కుట్టు మిషన్లూ పంచాలనుకుంటున్నానని రాశావు. మా వదిన బతికినంతకాలం గడప ముందుకు వచ్చిన మనిషిని వట్టి చేతులతో పంపలేదు. ఆమె కొడుకుకు ఈ ఆలోచన రావడం సహజమే అయినా, చదువుతుంటే నా కళ్లు చెమ్మగిల్లాయి. అయితే ఆ డబ్బును ఆ విధంగా ఒక్కరోజులో ఖర్చు పెట్టవద్దని చెప్పడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను. ముప్పై ఏళ్లు ఈ చుట్టుపక్కల ఊళ్లలో, తండాల్లో పంతులమ్మగా పనిచేసి, రిటైరైన తర్వాత మరో నలుగురు టీచర్లతో కలిసి ఆపదలో పడిన కుటుంబాలకు నెలనెలా కొంత సాయం చేస్తూ వచ్చినదాన్ని కనుక, ఇచ్చిన రూపాయి ఎక్కడ నిలబడిందో, ఎక్కడ పనికిరాకుండా పోయిందో దగ్గరనుంచి చూశాను.

మన ప్రాంతంలో ఇంటి మగమనిషి చనిపోతే మొదటి పదకొండు రోజులు ఆ ఇంటిని ఎవరూ ఒంటరిగా వదిలిపెట్టరు. చుట్టాలు బియ్యం తెస్తారు, కులపెద్దలు తలా కొంత వేసుకుంటారు, నాయకులు వచ్చి ఐదువేలో పదివేలో చేతిలో పెట్టి వెళ్తారు. దినాలు గడిచిన తర్వాత ఆ వాకిట్లోకి వచ్చేది అప్పులవాళ్లు మాత్రమే. ఆస్పత్రికీ దినాలకూ కలిపి ఆ ఇల్లాలి మీద పడిన అప్పు లక్ష రూపాయలనుకో, నూటికి మూడు రూపాయల మిత్తి చొప్పున నెలకు మూడు వేలు, ఏడాదికి ముప్పై ఆరు వేలు అవుతుంది. మన తెలంగాణలో వితంతు పింఛనును 2019లో 1,000 రూపాయల నుంచి 2,016 రూపాయలకు పెంచారు. అది మంజూరై చేతికి వచ్చినా ఆ మిత్తికే చాలదు. అందుకని ముందు మేకలు పోతాయి, తర్వాత పుస్తెలు కుదువకు వెళ్తాయి, తర్వాత తొమ్మిదో తరగతి చదివే ఆడపిల్ల బడి మాని తల్లితో పత్తి ఏరడానికి వెళ్తుంది. చివరికి మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకుని, ఇంటికి తాళం వేసి కుటుంబమంతా బొంబాయికో, పుణెకో, ఇటుక బట్టీలకో తరలిపోతుంది. పాలమూరు కూలీలని దేశమంతా పిలిచే మనుషుల వెనుక కరువుతోపాటు ఇట్లాంటి అప్పు కథలు కూడా చాలా ఉన్నాయి. ఇదంతా జరగడానికి నేను చూసినంతలో ఆరు నెలల నుంచి ఏడాది పడుతుంది. దాత చేయి ఉండవలసింది ఆ మధ్యకాలంలోనే, కానీ ఆ మధ్యకాలంలోనే ఎవరూ కనిపించరు.

నా అనుభవంలో ఆ కుటుంబానికి మొదట కావలసింది డబ్బుకన్నా ముందు, కాగితాల పని తెలిసిన ఒక మనిషి. మరణాన్ని 21 రోజుల్లోపు నమోదు చేయించకపోతే తర్వాత ప్రతి మెట్టు దగ్గరా ఆగిపోవలసి వస్తుంది. చనిపోయిన వ్యక్తి బ్యాంకు పాస్‌బుక్కు తీసి, ఏడాదికొకసారి 436 రూపాయలు గానీ 20 రూపాయలు గానీ కోత పడిందేమో చూడాలి. మొదటిది జీవన్‌జ్యోతి బీమా, రెండవది ప్రమాద బీమా, ఒక్కోదాని కింద రెండు లక్షలు వస్తాయి. ప్రమాద బీమా ప్రమాదంలో పోయినవారికే వర్తిస్తుంది. ఆ కోత ఎందుకు పడిందో భార్యకు తెలియకపోవడం వల్ల ఎవరూ అడగకుండా మిగిలిపోయిన డబ్బును మేము రెండు ఇళ్లలో కనిపెట్టాం. దారిద్య్రరేఖకు దిగువన ఉన్న ఇంట్లో సంపాదించే మనిషి 18 నుంచి 59 ఏళ్ల లోపు చనిపోతే జాతీయ కుటుంబ ప్రయోజన పథకం కింద ఒకేసారి 20,000 రూపాయలు ఇస్తారని తెలిసినవాళ్లు మన ఊళ్లలో అరుదు. రైతు బీమా కింద ఐదు లక్షలు 2018 నుంచి ఇస్తున్నారు గాని, భూమి చనిపోయినవాని పేరు మీద ఉంటేనే అది వర్తిస్తుంది. మామగారి పేరు మీదనే పట్టా ఉన్న ఇంట్లో, కౌలుకు చేసిన ఇంట్లో, గుంట భూమి లేని ఇంట్లో ఆ ఆడమనిషికి ఏమీ రాదు. కాబట్టి ఏ ఇంటికి సాయం ఎక్కువ అవసరమో తేల్చుకోవడానికి పట్టా ఎవరి పేరు మీద ఉందని అడగడం మాకు మొదటి ప్రశ్న అయింది. పట్టా భర్త పేరున ఉన్నచోట కూడా విరాసత్, అంటే భూమిని వారసుల పేరు మీదికి మార్పిడి, చేయించేటప్పుడు ఆమె పేరు రాకుండా చూసే మరుదులు ఉంటారు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం భర్త వాటాలో భార్యకు, పిల్లలకు, తల్లికి సమాన హక్కు ఉందన్న మాట ఆమె పక్కన కూర్చుని చెప్పే మనిషి ఒకరుండాలి.

ఈ పనులన్నిటికీ ఆమె తహసీల్దారు ఆఫీసుకూ బ్యాంకుకూ పదిసార్లు తిరగాలి. 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు బస్సు ప్రయాణం ఉచితమైంది గాని, ఆఫీసుకు పోయిన రోజు కూలి పోతుంది కదా. ఆ కూలిని మేము ఇవ్వడం మొదలుపెట్టిన తర్వాత, సగంలో ఆగిపోయిన దరఖాస్తులు ముందుకు కదిలాయి. దానధర్మాల లెక్కల్లో ఎవరూ రాసుకోని ఖర్చు ఇది. దయచేసి దీన్ని చిన్నచూపు చూడకు.

రెండవది ఆమె పొదుపు సంఘం. భర్త పోయిన ఇంట్లో మొదట ఆగిపోయేది సంఘంలో కట్టవలసిన కిస్తు. పదిమంది, పన్నెండుమంది సభ్యుల్లో ఒకరి కిస్తు ఆగితే మిగతావాళ్ల మీద బరువు పడుతుంది, మాటలు వస్తాయి, ఆమె సంఘానికి రావడం మానేస్తుంది. తక్కువ మిత్తికి అప్పు దొరికే ఒకే ఒక్క దారి ఆ విధంగా మూసుకుపోయి, ఆమె నేరుగా వడ్డీవ్యాపారి ఇంటికి నడుస్తుంది. కనుక మేము ఏ ఇంటికి వెళ్లినా మొదటి నాలుగైదు నెలలు ఆ కిస్తును కట్టి ఆమెను సంఘంలో నిలబెడతాం. మేము చేసిన పనులన్నిటిలో తక్కువ డబ్బుతో ఎక్కువ కాలం పనికొచ్చింది ఇదేనని నాకు గట్టి నమ్మకం.

ఇక కుట్టు మిషన్ల సంగతి. రిటైరైన మొదటి సంవత్సరం మేము కూడా ఒకే ఊళ్లో ఆరుగురికి మిషన్లు ఇచ్చాం. ఆ ఊరికి ఉన్న కుట్టుపని ఇద్దరికి సరిపడేంతే. ఏడాది తిరిగేసరికి రెండు మిషన్లు కుదువలో ఉన్నాయి, రెండింటి మీద బట్టలు ఆరేసి ఉన్నాయి. వాళ్ల తప్పు ఏమీ లేదు. మీకేం కావాలని మేము అడగలేదు. అదే సభలో చీరలిచ్చి, అందరినీ వరుసలో నిలబెట్టి ఫోటో తీయించాం. కొన్నాళ్లకు ఒకామె చీకటి పడ్డాక మా ఇంటికి వచ్చి, ఆ చీరను మడతపెట్టి నా చేతికిచ్చి, "టీచరమ్మా, మా బిడ్డకు సంబంధం చూడ వచ్చినోళ్లు ఈ ఫోటో చూసి మాట్లాడిండ్రు" అని మాత్రం చెప్పి వెళ్లిపోయింది. ఆనాటి నుంచి మేము ఎవరి ఫోటో తీయలేదు, తీయనివ్వలేదు. నువ్వు కూడా ఎవరికి ఇస్తున్నావో వాళ్ల పేర్లు నీ స్నేహితులకు సైతం చెప్పవద్దు.

అడగడం అన్నాను కాబట్టి మన పాత నల్లగొండ జిల్లా కథే ఒకటి గుర్తుచేస్తాను. 1951 ఏప్రిల్ 18న వినోబాభావే పోచంపల్లికి వచ్చినప్పుడు, అక్కడి దళిత కుటుంబాలను మీకేం కావాలని అడిగారు. వాళ్లు తమ నలభై కుటుంబాలకు ఎంత భూమి అవసరమో లెక్క వేసుకుని ఎనభై ఎకరాలని చెప్పారు. అప్పుడే వెదిరె రామచంద్రారెడ్డి గారు నూరు ఎకరాలు ఇస్తానని లేచి నిలబడ్డారు. ఆ దానం గొప్పదనమంతా నూరు ఎకరాల్లోనే ఉందని అందరూ అంటారు గాని, ముందు అడిగిన ప్రశ్నలోనూ, వాళ్లు చెప్పిన లెక్కలోనూ కూడా ఉందని నాకు అనిపిస్తుంది. ఆ దానంతో మొదలైన భూదానోద్యమంలో తర్వాతి కాలంలో దేశమంతటా ఇచ్చిన భూముల్లో చాలా భాగం పంపిణీ కాకుండా వివాదాల్లో చిక్కుకుపోయిందన్నది కూడా నిజమే. ఇచ్చిన తర్వాత కాగితం పుచ్చుకున్నవారి చేతికి చేరేదాకా వెంట నడవడం ఇచ్చేవారి బాధ్యతలో భాగమని నేను అందుకే అంటాను.

భర్త చనిపోయిన ఇల్లు వేరు, భర్త కొట్టే ఇల్లు వేరు. రెండవ ఇంటికి సాయం చేసేటప్పుడు చాలా జాగ్రత్త కావాలి. అలాంటి ఆమె ఖాతాలో డబ్బు వేసేముందు, ఏటీఎం కార్డు ఎవరి దగ్గరుంది, బ్యాంకు మెసేజీలు ఏ ఫోనుకు వస్తాయి అని తప్పక అడుగు. భర్త ఫోనుకు మెసేజీ వెళ్తే నీ సాయమే ఆ రాత్రి ఆమెకు దెబ్బలు తెస్తుంది. మహిళల హెల్ప్‌లైన్ 181కి ఏ వేళనైనా ఫోను చేయవచ్చు. జిల్లా కేంద్రంలో హింసకు గురైన ఆడవాళ్ల కోసం ఉన్న సఖి కేంద్రంలో ఐదు రోజుల వరకు ఆశ్రయం దొరుకుతుంది. 2005 నాటి గృహహింస చట్టం ఆమెకు ఆ ఇంట్లో ఉండే హక్కును ఇచ్చింది. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం ఆదాయంతో సంబంధం లేకుండా ఏ స్త్రీకైనా జిల్లా న్యాయసేవాధికార సంస్థ వకీలును ఉచితంగా ఇస్తుంది కాబట్టి వకీలు ఫీజు కోసం నువ్వు డబ్బు పంపవలసిన పని లేదు. ఆరో రోజు నుంచే మన అవసరం మొదలవుతుంది. గది అద్దెకు అడ్వాన్సు, ఆమె సొంత పేరుతో కొత్త సిమ్ కార్డు, కొత్త ఖాతా, పిల్లల బడి మార్పిడి సర్టిఫికెట్లు, రెండు నెలల సరుకులు ఉంటే ఆమె నిలబడగలదు. అవి లేక తిరిగి ఆ ఇంటికే వెళ్లినవాళ్లను చూశాను. వెళ్లినందుకు వాళ్లను ఒక్క మాట కూడా అనవద్దు, మళ్లీ వస్తే మళ్లీ ఆదుకోవాలి.

అనాథ శరణాలయానికి ఇవ్వడం మేలు కదా అని కూడా అడిగావు. 1990ల చివరలో, 2000 ప్రాంతంలో మన దేవరకొండ తండాల ఆడశిశువుల అమ్మకాల గురించి దేశమంతా చదివింది, దత్తత పేరుతో జరిగిన వ్యాపారం బయటపడింది. ఆ తండాల్లోనే నేను పాఠాలు చెప్పాను. బిడ్డను ఇచ్చిన తల్లిని అందరూ నిందించారు గాని, మూడో ఆడపిల్ల పుట్టిన ఆ బాలింత ఇంట్లో ఆ వారం గింజలు ఉన్నాయా అని అడిగినవాళ్లు లేరు. తల్లి ఒడిలో ఉండగలిగిన బిడ్డను హాస్టలు దాకా రానివ్వకుండా, తల్లికే సాయం అందించడం మొదటి ధర్మమని అప్పటినుంచి నా అభిప్రాయం. భర్త లేని, భర్త వదిలేసిన పేద తల్లుల పిల్లలకు బాలల సంరక్షణ కోసం ఉన్న మిషన్ వాత్సల్య పథకం కింద నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ ఉంది. జిల్లా బాలల సంరక్షణ విభాగంలో దరఖాస్తు పెట్టాలి. బడి మానిన ఆడపిల్లలను కస్తూర్బా విద్యాలయాల్లో చేర్చుకుంటారు. ఇవేవీ కుదరనప్పుడే సంస్థల వైపు చూడు. చూస్తే, రిజిస్ట్రేషను, ఆడిట్ లెక్కలు అడగడంతోపాటు ఆ ఊరి ఆడవాళ్లను కూడా అడుగు. పన్ను మినహాయింపు కావాలంటే అందుకు గుర్తింపు (80జీ) ఉన్న సంస్థకు బ్యాంకు ద్వారా ఇవ్వు. రెండు వేలు దాటిన నగదుకు ఆ మినహాయింపు రాదు. మా పని ఇంట్లో నోటుపుస్తకంలో లెక్క రాసుకునే పని కాబట్టి మా దగ్గర నీకు అలాంటి రసీదు దొరకదని ముందే చెప్తున్నాను.

మర్రిగూడ, నాంపల్లి వైపు ఫ్లోరైడు నీళ్లతో ఎముకలు వంగిన మగవాళ్లను చూసుకునే ఆడవాళ్లది ఇంకో రకమైన కష్టం. అక్కడ ఆపద ఒకరోజు వచ్చి పోయేది కాదు, ఆ జబ్బు నయం కాదు. ఒకసారి ఇచ్చి ఊరుకుంటే ఆ ఇళ్లకు ప్రయోజనం ఉండదు. వైకల్య సర్టిఫికెట్ ఇచ్చే వైద్య క్యాంపుకు మంచం మీదున్న మనిషిని తీసుకువెళ్లడానికి ఆటో మాట్లాడి, వికలాంగుల పింఛను వచ్చేదాకా వెంటపడితే అది వాళ్లకు ఏళ్ల తరబడి ఉపయోగపడుతుంది.

నీ రెండు లక్షలను నేనైతే ఇట్లా పంచుతాను. మూడు కుటుంబాలకు నెలకు మూడు వేల చొప్పున ఏడాది పాటు ఇస్తే లక్షా ఎనిమిది వేలు అవుతుంది. సంఘం కిస్తు కూడా అందులోనే వెళ్తుంది. అరవై వేలు మిత్తి లేని చేబదులుగా తిప్పుదాం. పుస్తెలు కుదువలో ఉన్నవాళ్లను విడిపించి, వాళ్లు వీలైనంత మెల్లగా తిరిగి కడితే ఆ డబ్బు ఇంకొకరికి వెళ్తుంది. మిగిలిన ముప్పై రెండు వేలు కాగితాల ఖర్చుకూ, పోయిన కూలికీ, అర్ధరాత్రి వచ్చే అవసరాలకూ ఉంచుదాం. అన్నదానం మాత్రం పూర్తిగా మానమని చెప్పను. అమ్మ ఆత్మశాంతికి దగ్గరి చుట్టాలకూ, వాడకట్టువాళ్లకూ వండి పెడితే చాలు, ఆ ఖర్చు నేను భరిస్తాను.

మొదటి ఇల్లు నేను చూసి ఉంచాను. భర్త పోయి నాలుగో నెల, ఇద్దరు ఆడపిల్లలు, పట్టా మామగారి పేరున ఉంది, పెద్దపిల్ల దసరా సెలవుల తర్వాత బడికి రావడం లేదు. వచ్చే ఆదివారం నువ్వు వస్తే ఇద్దరం నడిచి వెళ్దాం. కారు ఊరి బయట ఆపు, చేతిలో ఏమీ తేవద్దు, ఆమె టీ పెడితే తాగు. భర్త పాస్‌బుక్కు ఒకసారి చూపమని నేను అడుగుతాను.

ఇట్లు,
నీ మేనత్త