కొలరాడో కొండల్లో పెళ్లి చేసుకోబోతున్న మేనకోడలికి

చి. ల. సౌ. మేనకోడలికి, కాబోయే అల్లుడికి అత్తయ్య ఆశీస్సులు.

మీరిద్దరూ రాకీ మౌంటెన్ నేషనల్ పార్కులో, పది పన్నెండు మంది మధ్య పెళ్లి చేసుకోవాలనుకుంటున్నారని తెలిసి చాలా సంతోషించాను. డెన్వర్‌లో స్థిరపడిన నాటి నుంచి ఇలాంటి పెళ్లిళ్లకు చేతనైన సాయం చేస్తూ వచ్చాను కనుక ఒక మాట ముందుగా చెబుతాను. వెయ్యిమంది వచ్చే పెళ్లిలో లోటుపాట్లు ఆ సందడిలో ఎవరికీ కనిపించకుండా పోతాయి. పదిమంది పెళ్లిలో ఏది ఉంచుకోవాలో, ఏది వదులుకోవాలో మీరే తేల్చుకోవాలి. అది ఫొటోగ్రాఫర్‌ను మాట్లాడుకోవడానికి ముందే జరగాలి.

అంతకన్నా ముందు మా అన్నయ్యకు, వదినకు, అటువైపు పెద్దలకు మీరే స్వయంగా చెప్పండి. పిలుపు రానందుకు బంధువులు కొన్నాళ్లు బాధపడి సర్దుకుంటారు గానీ, కూతురి పెళ్లి సంగతి ఇతరుల వాట్సాప్ స్టేటస్‌లో చూసిన తల్లిదండ్రులు సర్దుకోలేరు. రాలేనివారికి ప్రత్యక్ష ప్రసారం చూపిస్తామని మాత్రం మాట ఇవ్వకండి. పార్కులో చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు.

చట్టం సంగతి మీకు అనుకూలంగానే ఉంది. కొలరాడోలో పెళ్లి జరిపించే అధికారి గానీ, సాక్షులు గానీ లేకుండా వధూవరులే సంతకాలు చేసి తమ వివాహాన్ని ధ్రువీకరించుకోవచ్చు. ఇందుకు కౌంటీ క్లర్క్ కార్యాలయంలో 30 డాలర్లు కట్టి లైసెన్సు తీసుకోవాలి. దాన్ని 35 రోజుల్లోగా వాడుకొని, సంతకాలు చేసిన పత్రాన్ని పెళ్లయిన 63 రోజుల్లోగా తిరిగి అందజేయాలి. లైసెన్సులో మీ పేర్లు పాస్‌పోర్టులో ఉన్నట్టు అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. మన ఇంటిపేర్లు, పొడి అక్షరాలు రకరకాలుగా రాయడం వల్ల తరువాత వీసా దరఖాస్తుల్లో చిక్కులు వస్తాయి కనుక, కౌంటర్ దగ్గరే ఒకటికి రెండుసార్లు చదువుకొని, ఆ తరువాత ధ్రువీకృత ప్రతులు నాలుగైదు తీసుకోండి. లైసెన్సు ఉంటే చాలదు. పార్కులో పెళ్లికి విడిగా అనుమతి కావాలి. ఏ చోట ఎంతమంది ఉండవచ్చో, ఎన్ని కార్లు తేవచ్చో పార్కు అధికారులే నిర్ణయిస్తారు, మంచి తేదీలు త్వరగా అయిపోతాయి.

స్థలం ఎంచుకునేటప్పుడు ఫొటోలు చూసి మోసపోకుండా మీ అమ్మ మోకాళ్లను, నాన్న రక్తపోటును దృష్టిలో పెట్టుకోండి. డెన్వర్ ఎత్తే 5,280 అడుగులు. నేషనల్ పార్కు పక్కనే ఉన్న ఎస్టెస్ పార్కు అనే ఊరు 7,500 అడుగుల పైన ఉంటుంది. నేషనల్ పార్కు గుండా సాగే ట్రెయిల్ రిడ్జ్ రోడ్డు 12,183 అడుగుల దాకా వెళుతుంది. హైదరాబాద్ నుంచి దిగిన పెద్దవాళ్లను మర్నాడే అంత ఎత్తుకు తీసుకెళితే తలనొప్పి, ఆయాసం తప్పవు. డెన్వర్‌లో మా ఇంట్లో రెండు మూడు రాత్రులు, ఎస్టెస్ పార్కులో ఒకటి రెండు రాత్రులు ఉంచి, నీళ్లు బాగా తాగించి, వాళ్ల డాక్టరును ముందే అడగండి. నా మాట వింటే నేషనల్ పార్కులోని స్ప్రేగ్ లేక్ అనే చెరువు దగ్గర చేసుకోండి. అక్కడ చెరువు చుట్టూ చక్రాల కుర్చీ కూడా వెళ్లగలిగిన చదునైన దారి ఉంది, ఎదురుగా పర్వతశ్రేణి అంతా కనిపిస్తుంది.

కాలం విషయంలో నా మొగ్గు సెప్టెంబర్ చివరి వారాల వైపే. జూలై, ఆగస్టుల్లో మధ్యాహ్నం దాటితే ఉరుములు, పిడుగులు మామూలు. సెప్టెంబర్‌లో అవి తగ్గుతాయి, ఆస్పెన్ చెట్లు బంగారు రంగుకు తిరుగుతాయి. అయితే తెల్లవారుజామున చలి కొరుకుతుంది, ఒక్కోసారి మంచు కూడా పడుతుంది, కాబట్టి పట్టుచీర లోపల వెచ్చని దుస్తులు తప్పనిసరి. ముహూర్తాన్ని హైదరాబాద్ పంచాంగం చూసి పెట్టించకండి. సెప్టెంబర్‌లో ఇక్కడి సమయం మన దేశానికి పదకొండున్నర గంటలు వెనక ఉంటుంది, సూర్యోదయం వేరు, లగ్నం వేరు. పురోహితుడికి ఎస్టెస్ పార్కు పేరు చెప్పి లెక్క కట్టించండి.

తంతును రెండు భాగాలు చేయమంటాను. చెరువు దగ్గర జీలకర్ర-బెల్లం, మంగళసూత్రధారణ, సంతకాలు చాలు. అక్కడ హోమం వీలుకాదు, ఎందుకంటే నిర్ణీత స్థలాల్లో తప్ప పార్కులో నిప్పు రాజేయకూడదు. తలంబ్రాల బియ్యం, పూలరేకులు నేల మీద పడితే జంతువులకు తిండి వేసినట్టవుతుంది కనుక వాటినీ అనుమతించరు. తలంబ్రాలు, సప్తపది అద్దెకు తీసుకున్న ఇంట్లో పెట్టుకోండి. అగ్నిహోత్రానికి ఇంటి యజమాని రాతపూర్వకంగా ఒప్పుకోవాలి, ఆ రోజుల్లో కౌంటీలో అగ్ని నిషేధం ఉందేమో కూడా కనుక్కోవాలి. ఇంట్లో వైఫై ఉంటుంది కనుక పురోహితుడు రాలేకపోతే వీడియోలో మంత్రాలు చెప్పించుకోవచ్చు, దూరాన ఉన్న అమ్మమ్మ కూడా చూడవచ్చు.

అరుంధతీ దర్శనాన్ని మాత్రం దయచేసి వదులుకోవద్దు. మన మండపాల్లో పురోహితుడు చూపించిన వైపు చూసి తలూపడమే గానీ ఆ నక్షత్రం నిజంగా కనిపించేది అరుదు. ఎస్టెస్ పార్కు సుమారు 40 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉంది, అక్కడ అరుంధతీ వశిష్ఠులు అసలు అస్తమించరు. సెప్టెంబర్‌లో పూర్తిగా చీకటి పడగానే వాయవ్య దిక్కున సప్తర్షి మండలం తోకలో మధ్య నక్షత్రాన్ని చూడండి. దాని పక్కనే సన్నగా కనిపించేదే అరుంధతి. ఆలస్యం చేస్తే కొండల చాటుకు దిగిపోతాయి, అందుకని రాత్రి భోజనాన్ని ఆ తరువాతకు జరపండి.

వంట సంగతి నాకు వదిలేయండి. పులిహోర, బూరెలు ఇక్కడి నుంచే తెస్తాను. అనుమతికి దరఖాస్తు పెట్టే ముందు మీరు అనుకుంటున్న రెండు మూడు తేదీలు నాకు, అన్నయ్యకు ఒకేసారి పంపండి. టికెట్లు, వీసా గడువు, ముహూర్తం చూసుకుని వారంలోగా జవాబిస్తాము.

ప్రేమతో,
మీ అత్తయ్య