తాళం వేసి ఉన్న ఇళ్లు: ఒక యువ రచయితకు లేఖ

బాబూ,

నీ వ్యాసం అందింది. మొదటిసారి చదివి చిరాకేసి పక్కన పడేశాను. మర్నాడు మధ్యాహ్నం కరెంటు పోయి, ఏం తోచక మళ్లీ తీస్తే, ఏడో పేజీలో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. ఈ ఉత్తరం ఆ వాక్యం కోసమే రాస్తున్నాను. కాకపోతే ముందు నా చిరాకు తీరాలి.

'జన్మ సమూహ దీర్ఘకాలిక అనుశీలనాత్మక అధ్యయనాలు' అని పేరు పెట్టావు. ఇది మీ అమ్మకు చదివి వినిపించావా? ఇంచుమించు ఒకే కాలంలో పుట్టిన పిల్లల్ని ఎంచుకుని, వాళ్లు పెరిగి పెద్దయ్యేదాకా కొన్నేళ్లకోసారి వెళ్లి తూచి, కొలిచి, అడిగి రాసుకోవడం. ఇంతే కదా సంగతి! 'వాడూ నేనూ ఒక ఈడువాళ్లం' అని మన ఊళ్లలో రోజూ అనుకునేదే. ఒక ఈడు పిల్లల వెంట నడవడం అంటే ఎవరికి తెలియదు? డాక్టర్లతో మాట్లాడేటప్పుడు కోహార్ట్ అను, నాకేం అభ్యంతరం లేదు. నువ్వు పెట్టిన పేరు మాత్రం డాక్టర్లూ అనరు, మీ అమ్మా అనదు.

ఇక తప్పులు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పిల్లల వెంట నడిచిన అధ్యయనం యంగ్ లైవ్స్. అందులోని పిల్లల్ని పుట్టిన రోజు నుంచీ చూస్తున్నారని రాశావు. 2002లో మొదటిసారి గడప తొక్కేసరికే చిన్న జట్టులోని సుమారు 2,000 మందికి ఆరు నుంచి పద్దెనిమిది నెలల వయసుంది. పెద్ద జట్టులో ఇంకో 1,000 మంది, వాళ్లకైతే ఎనిమిదేళ్లు. శ్రీకాకుళం నుంచి అనంతపురం దాకా, కరీంనగర్ నుంచి కడప దాకా తిరిగారు గానీ, పేద ప్రాంతాలకు కావాలనే ఎక్కువ చోటిచ్చారు. అందుకని 'రాష్ట్రంలోని పిల్లలందరూ' అని నువ్వు రాసిన చోటల్లా పెన్సిల్‌తో సున్నా చుట్టాను. (ఆ రాష్ట్రమే మధ్యలో రెండయింది. పిల్లలు మాత్రం ఒకే లెక్కలో ఉండిపోయారు.)

ఉప్మా సంగతి ఇంకా ఘోరం. 'చిన్నప్పుడు ఉప్మా తింటే బీపీ, గుండెజబ్బు రావు' అట! 1987–90 మధ్య హైదరాబాద్ చుట్టుపక్కల 29 ఊళ్లలో జరిగిన పని అది. 15 ఊళ్లలో ప్రభుత్వ పోషకాహార పథకం కింద గర్భిణులకూ, ఆరేళ్లలోపు పిల్లలకూ మొక్కజొన్న, సోయా కలిసిన పిండితో ఉప్మా చేసి పెట్టారు. మిగతా 14 ఊళ్లకు ఆ పథకం అప్పటికింకా రాలేదు. 2003–05లో మళ్లీ ఆ ఊళ్లకే వెళ్లి, 13 నుంచి 18 ఏళ్ల వయసున్న 1,165 మందిని పరీక్షించారు. ఉప్మా ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడవున్నారు. నీ బొటనవేలి గోరు వెడల్పు ఎంతో చూసుకో, ఇంచుమించు అంత. ఒంట్లో ఇన్సులిన్ కాస్త మెరుగ్గా పనిచేస్తోంది, రక్తనాళాల బిరుసు కాస్త తక్కువ. బీపీలో, కొలెస్ట్రాల్‌లో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. 2008లో బీఎంజే అనే బ్రిటిష్ వైద్య పత్రికలో అచ్చయిన సంగతి ఇది. బొటనవేలి గోరంత తేడా చూడటానికి పదిహేనేళ్లు ఆగి, వెతుక్కుంటూ వెళ్లారంటే నాకు ఒళ్లు జలదరిస్తుంది. నువ్వేమో దాన్ని ఉప్మా ప్రకటన చేసిపెట్టావు.

నీ ఒక్కడిదే తప్పనను. 'తాజా అధ్యయనంలో వెల్లడి', 'షాకింగ్ నిజాలు' చదివి చదివి మీ ఈడువాళ్లకు చెయ్యి అలా తిరిగిపోయింది. పొద్దున లేస్తే కాఫీ మంచిదని ఒకటి, సాయంత్రానికి చెడ్డదని ఇంకొకటి. ఎంతమందిని చూశారు, ఎన్నేళ్లు చూశారు అన్న ముక్క ఎవడూ వెయ్యడు. వేస్తే జాగా చాలదట.

సరే, ఆ వాక్యం దగ్గరికి వస్తాను. 'మా అక్కను కూడా చిన్నప్పుడు ఎవరో వచ్చి తూచి, కార్డు మీద రాసేవారట. మేం భివండి వెళ్లిపోయాక ఇంకెవరూ రాలేదు.' భివండి అంటే మహారాష్ట్రలోని ఆ మరమగ్గాల ఊరు. అంతే రాసి, కామా పెట్టినంత తేలిగ్గా బ్రెజిల్ అధ్యయనంలోకి వెళ్లిపోయావు. ఎలా వెళ్లగలిగావయ్యా?

నా సంగతి ఒకటి చెబుతాను. ఇరవై మూడేళ్ల వయసులో, డిగ్రీ అయి ఉద్యోగం దొరక్క, పాలమూరు వైపు ఒక సర్వేలో తాత్కాలికంగా చేరాను. వేపకొమ్మకు సాల్టర్ త్రాసు కట్టేవాళ్లం. దానికి వేలాడే గుడ్డ లాగులో పిల్లవాడి కాళ్లు దూర్చి వదిలితే వాడు గింజుకుంటాడు, ముల్లు ఊగుతుంది. ఏడుపు ఆపి ఊపిరి పీల్చుకునే ఆ రెండు క్షణాల్లో అంకె చూసెయ్యాలి. పొడవు కొలవాలంటే చెక్క బల్ల మీద పడుకోబెట్టి ఒకరు తల పట్టుకోవాలి, ఒకరు మోకాళ్లు అదమాలి. తల్లి నన్ను శత్రువును చూసినట్టు చూసేది. పుట్టిన తేదీ ఎవరికీ తెలియదు. పీర్ల పండుగకు ముందా తర్వాతా, ఊరి చెరువు తెగిన ఏడా ఆ మరుసటి ఏడా అని అడిగి అడిగి నెల తేల్చేవాళ్లం.

రెండో విడత వెళ్లేసరికి వీధికి నాలుగైదు ఇళ్లకు తాళాలు. గుంపు మేస్త్రి అడ్వాన్సు ఇచ్చి, పిల్లాజెల్లాతో సహా ఎక్కడో డ్యాం పనికి తీసుకెళ్లాడు. మా సూపర్‌వైజరు 'తాళం అని రాసి ముందుకు పదండి' అన్నాడు. రాశాను. ఫారం నిండా 'తాళం, తాళం, తాళం'. ఆ విడతలో ఊరి పిల్లల సగటు బరువు పెరిగిందని లెక్క తేలింది. ఎలా పెరిగిందనుకున్నావు? ఊళ్లో మిగిలింది రెండెకరాలైనా ఉన్నవాళ్ల పిల్లలు. బక్కపిల్లలు డ్యాం దగ్గర ఉన్నారు. ఏ పిల్లవాడికీ గ్రాము కండ పట్టలేదు, బక్కవాళ్లు లెక్కలోంచి జారిపోయారంతే.

ఇదే రాసి ఒక పత్రికకు పంపాను. నా మొదటి వ్యాసం. ఎడిటరుగారు తాళాల పేరా మొత్తం కొట్టేసి, 'పాఠకుడికి తాళాల గోల ఎందుకమ్మా' అని, 'పుంజుకుంటున్న పల్లె పిల్లలు' అని శీర్షిక పెట్టి అచ్చువేశారు. కింద నా పేరు! ఆయన పోయి చాలా ఏళ్లయింది. నా కోపం పోలేదు. ఆ కత్తిరింపు ఇప్పటికీ ఫైల్లో ఉంది, చెదలు కూడా ముట్టలేదు.

అప్పటి నుంచి ఏ అధ్యయనం చేతికొచ్చినా నేను మొదట వెతికేది తాళాలే. ఎంతమందితో మొదలుపెట్టారు, చివరికి ఎంతమంది దొరికారు, దొరకనివాళ్లు ఎలాంటివాళ్లు. ఢిల్లీలో 1969–72 మధ్య పుట్టిన 8,181 మంది పిల్లలతో మొదలైంది ఒకటి. 2004లో వచ్చిన పేరుపొందిన పత్రంలో పరీక్షకు నిలబడింది 1,492 మంది, అప్పటికి వాళ్లకు 26 నుంచి 32 ఏళ్లు. షుగరు గానీ, షుగరుకు ముందు దశ గానీ వచ్చినవాళ్లు రెండేళ్ల వయసుదాకా సన్నగా ఉండి, ఆ తర్వాత తోటివాళ్ల కంటే త్వరగా ఒళ్లు చేస్తూ వచ్చినవాళ్లట. పన్నెండేళ్ల వయసులో చూస్తే అందులో ఒక్కరూ ఊబకాయులు కారు. ఏదో ఒక్క ఏడాది వెళ్లి చూసొచ్చినవాడికి ఇది తెలిసే దారే లేదు. తల్లిని తర్వాత అడిగితే గుర్తుంటుందా? 'బాగానే ఉండేవాడమ్మా' అంటుంది. ఆరేసి నెలలకు వెళ్లి ఆ రోజు బరువు ఆ రోజు రాశారు కాబట్టే తెలిసింది. మరి మిగిలిన ఆరు వేల పైచిలుకు మంది? ఆ ప్రశ్న అడగకుండా మొదటి సంగతి రాయకూడదు. నేను రాయనివ్వను.

న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో 1972–73లో పుట్టిన 1,037 మందిని తీసుకున్నారు. 45 ఏళ్లు వచ్చేసరికి బతికున్నవాళ్లలో 94 శాతం మంది పరీక్షకు హాజరు! పరాయి దేశంలో స్థిరపడితే విమానం టికెట్టు కొని రప్పించుకుంటారు. నువ్వు వాళ్ల డీఎన్ఏ గురించి రెండు పేజీలు రాశావు గానీ ఆ టికెట్టు గురించి ఒక్క ముక్క లేదు. నన్నడిగితే అసలు సైన్సు ఆ టికెట్టులోనే ఉంది.

బ్రిటన్‌లో 1946 మార్చిలో ఒకే వారం పుట్టిన పిల్లల కథ ఇంకో రకం. జేమ్స్ డగ్లస్ అనే డాక్టరు బృందం 13,687 మంది తల్లులతో మాట్లాడింది. వెంట నడవడానికి ఎంచుకున్నది 5,362 మందిని. వాళ్లకు ఏటా పుట్టినరోజు కార్డులు కూడా పంపేవారు. అయితే ఆ ఎంపికలోనే కవలల్నీ, పెళ్లికాని తల్లుల పిల్లల్నీ వదిలేశారు. ఇక్కడ ఇంటికి తాళం లేదు, తలుపు తీసే ఉంది. వాళ్లే లోపలికి వెళ్లలేదు.

అమెరికావాళ్లు లక్షమంది పిల్లల్ని చూస్తామని బయల్దేరి, వంద కోట్ల డాలర్లకు పైగా ఖర్చుపెట్టి, 2014 డిసెంబరులో దుకాణం కట్టేశారని నువ్వు రాసింది బాగుంది. అలాగే ఉంచు.

నువ్వు అడిగినవి ఇంకా ఉన్నాయి. కలంపేరు పెట్టుకోవాలా, పుస్తకంగా వేసేదెవరు, ఇంకోటేదో. ఆ కాగితం ఎక్కడో పెట్టాను, దొరికాక చూద్దాం.

ముందు ఏడో పేజీని మొదటి పేజీ చెయ్యి. మీ అక్కతో మొదలుపెట్టు. మీరు రైలెక్కిన వారం మీ వీధికి ఒక అమ్మాయి త్రాసు పట్టుకుని వచ్చి, ఫారంలో 'తాళం' అని రాసుకుని వెళ్లే ఉంటుంది. అక్కకు అప్పుడు ఎన్నేళ్లు? భివండిలో ఎవరైనా ఒకసారైనా తూచారా? మగ్గాల దుమ్ములో పెరిగింది కదా, ఇప్పుడు ఊపిరి ఎలా ఉంది? పిల్లలు పుట్టారా, ఎంత బరువుతో పుట్టారు? ఇవి ఏ లెక్కలోనూ లేవు. అడగగలిగేవాడివి నువ్వొక్కడివే. అడిగిన తర్వాత ఢిల్లీకి వెళ్లు, డునెడిన్‌కు వెళ్లు, ఎక్కడికైనా వెళ్లు.

ఆ కార్డు మీ అమ్మ పారేసి ఉండదు. ట్రంకుపెట్టె అడుగున, పెళ్లిపత్రికల కింద వెతకమను. దొరికితే జిరాక్సు తీయొద్దు, పాత ఇంకు అందులో సరిగ్గా పడదు. కిటికీ దగ్గర పెట్టి ఫోన్లో ఫోటో తీసి పంపు, చివరి గడిలో అంకె కనబడేలా.