బెల్లంపల్లిల షాపు పెడుతున్న బిడ్డకు

చిన్న బిడ్డా,

హైదరాబాద్ నౌకరి ఇడిసిపెట్టి బెల్లంపల్లిలనే మోటర్ వైండింగ్ షాపు పెడుతున్నవని మీ నాయిన ఫోన్ల చెప్పిండు. ఊరిడిసి పోయేటోళ్లనే చూసుకుంట ముసలోన్నైన. మనింటి ఆడపిల్ల తిరిగొస్తున్నదంటే గుండె నిండింది. ఎంబడే భయం గూడ పట్టుకున్నది.

పని సంగతి నీకు తెలువంది కాదు. పాత కాయిల్ కోసే ముందుగాల చుట్లెన్ని, వైరు గేజెంత రాసి పెట్టుకో. వార్నిష్ ఆరందే మోటర్ ఇయ్యకు.

బొగ్గు బాయిలను నమ్ముకొని షాపు తెరువకు. 1990 ప్రాంతంల సింగరేణిల లక్ష మంది పైననే ఉండె, ఇప్పుడు 40 వేల దరిదాపుల ఉన్నరు. మన ఊరి చుట్టు బాయిలు ఒక్కొక్కటే మూతబడ్డయి. నీ గిరాకి నెన్నెల, భీమిని, వేమనపల్లి దిక్కు నుంచి వస్తది. మోటర్ కాలిన రైతు మంచిర్యాల దాక పోయి రెండు రోజులు ఆగలేడు, పొలం ఎండుతది. పత్తి అమ్మినంక ఇస్తమంటరు, ఇస్తరు గూడ. ఉద్దెర మాత్రం రాసుకో.

ఇగ అసలు ముచ్చట. మీ మామ వీఆర్‌ఎస్ తీసుకున్ననాడు వచ్చిన పైసలన్ని ఇంట్ల పోసిండు. జాగ సింగరేణి కంపెనీది. ఇంకొకాయన దగ్గర బాండు పేపరు మీద కొన్నడు. "రిజిస్ట్రేషన్ లేదు గదా బావా" అంటే, "ఊరంత గట్లనే కట్టుకున్నరు" అన్నడు. స్లాబు పోసిననాడు నేను గూడ తట్టలు మోసిన. ఎంత మురిసిపోయిండో! వాళ్ల పిల్లకు ఇంజనీరింగ్ సీటొచ్చినంక లోన్ కోసం బ్యాంకుకు పోయినం. బీరువాల ప్లాస్టిక్ కవర్ల దాచిన ఆ కాగితాన్ని మేనేజర్ అటు తిప్పి ఇటు తిప్పి, ఏమనకుండ మీ మామ చేతికే ఇచ్చిండు. నాలుగు రూములున్న మనిషికి అప్పు పుట్టలే. మీ అత్తమ్మ మెడల గుండ్లు అమ్మి మొదటి ఏడు ఫీజు కట్టిన్రు, రెండో ఏడు పిల్ల చదువు ఆగింది. 2019ల సింగరేణి జాగలల్ల ఇండ్లు కట్టుకున్నోళ్లకు పట్టాలిచ్చే సర్కారు జీవో 76 వచ్చి మస్తుమందికి పట్టాలయినయి. అప్పటికి ఆ పిల్లకు పెండ్లయి ఇద్దరు పిల్లలు.

అందుకే చెప్తున్న, జాగ కొనకు. బజార్ల మడిగ కిరాయికి తీసుకో. చవుకగ వస్తున్నదని ఎవరన్న ఇల్లు చూపిస్తే, పట్టా ఎవరి పేరు మీదున్నది, అమ్మనిస్తరా లేదా అని తహసీల్ ఆఫీసుల అడగందే అడ్వాన్సు ఇయ్యకు. "నీకెప్పుడూ కాగితాల పిచ్చే పెద్దబాపూ" అంటవని తెలుసు. అనుకో బిడ్డా, నేనేం బాధపడ.

టైముకు తిను. కరెంటు పని, కడుపు మాడ్చుకొని చెయ్యొద్దు. వైండింగ్ ఇన్సులేషన్ చూసే మెగ్గర్ మీటరు కొనకు, నాది మంచిగనే పనిచేస్తున్నది, నీకే ఇస్త. కిరాయి కాగితం రాసుకునే ముందుగాల ఫోన్ చెయ్యి. బస్సెక్కి వస్త, నేను చదివినంకనే సంతకం పెట్టు.

మీ పెద్దబాపు