గ్రీన్ ఛానెల్ వైపు వెళ్లకు

అమ్మడూ,

విదేశం నుంచి రెండు కెమెరాలు, నాలుగు లెన్సులతో ఇంటికొస్తున్నావని నిన్న మీ అమ్మ ఫోన్లో చెప్పింది. అన్నీ నీ సంపాదనతోనే కొన్నావని విని పొంగిపోయాను. రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

బ్యాటరీలు చేతి బ్యాగులోనే పెట్టుకో. విడి బ్యాటరీల లోహపు కొనలకు టేపు అంటించు. సామర్థ్యం 100 వాట్ అవర్లు దాటినవి ఉంటే ముందే విమాన సంస్థను అడుగు. సీరియల్ నంబర్లన్నీ కాగితం మీద రాసి బిల్లులు జత చెయ్యి. ఫోన్లో ఉన్నాయిలే అనుకోకు, సమయానికి చార్జింగ్ ఉండదు. వీటితోపాటు ఆఫీసు కెమెరా ఏదైనా పనికోసం తెచ్చి మళ్లీ పట్టుకెళ్లేదైతే ఏటీఏ కార్నే తీయించమను, సామాను సుంకం లేకుండా కొన్నాళ్లకు తెచ్చి తిరిగి తీసుకెళ్లడానికి ఇచ్చే కస్టమ్స్ పత్రం అది. రెండు దేశాలూ దాన్ని ఒప్పుకునేవై ఉండాలి, గడువు ఏడాదికి మించదు. వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ ముద్ర వేయించుకో.

కెమెరాల పెట్టెలు పారేశాను, సుంకం కట్టాల్సినవేవీ లేనివాళ్లు వెళ్లే గ్రీన్ ఛానెల్లో వచ్చేస్తాను అన్నావట. పెట్టె పారేస్తే కెమెరా మీది నంబరు పోతుందా?

ఒకప్పుడు నేనూ అలాగే అనుకున్నాను. విదేశానికి బయల్దేరేటప్పుడు కస్టమ్స్ వాళ్లకు చూపించి, కెమెరా, లెన్సు నంబర్లు రాయించుకుని, ముద్ర ఉన్న కాగితం తీసుకున్నాను. అక్కడ పాత లెన్సు ఇచ్చేసి, పైన డబ్బు వేసి మంచిది కొన్నాను. దాన్ని పాత కెమెరాకే బిగించి మెడలో వేసుకున్నాను. రంగు పోయిన కెమెరాను చూసి లెన్సూ పాతదే అనుకుంటారని నా ధీమా. బిల్లు సూట్‌కేసు అడుగున, చొక్కాల మధ్య.

ఆపిన అధికారి గొంతు కూడా పెంచలేదు. కెమెరా నంబరు కలిసింది. లెన్సు తిప్పి చదివాడు, కాగితం చూశాడు, మళ్లీ లెన్సు చూశాడు. నా నోరెండిపోయింది. "పాతదే సార్, కాగితంలో తప్పు పడింది" అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది తల్లీ. సూట్‌కేసు విప్పితే బిల్లు దొరికింది. ఆ తర్వాత నేను చెప్పిన నిజాలు కూడా ఎవరూ నమ్మలేదు. సుంకం, దానిమీద జరిమానా. చేతిలో అంత డబ్బు లేక కెమెరా అక్కడే వదిలేసి, రసీదు పట్టుకుని బయటికొచ్చాను.

బయట మీ అమ్మ, చంకలో నువ్వు. నీకప్పుడు పదకొండు నెలలు. నీకోసం ఆ రీలులో చివరి మూడు ఫొటోలు మిగుల్చుకొచ్చాను. కెమెరా విడిపించుకునేసరికి నువ్వు నడక నేర్చేశావు. నీ మొదటి అడుగులు ఏ ఫొటోలోనూ లేవు.

సుంకం లేకుండా ఎంత విలువ వరకు తేవచ్చో ఇవాళే చూసుకో. దాటితే సుంకం కట్టాల్సినవి చూపించే రెడ్ ఛానెల్లోకి నేరుగా వెళ్లు. ఏది ఎక్కడ, ఎప్పుడు కొన్నావో అడిగినంత చెప్పు. కట్టమన్నది కట్టి రసీదు తీసుకో. టెన్షన్ పడకు, డబ్బు తక్కువైతే ఫోన్ చెయ్యి, నేను బయటే ఉంటాను.

విమానం ఎన్ని గంటలకో రాయి. పాత కెమెరాలో రీలు వేసుకుని వస్తాను. నువ్వు తలుపు దాటి రాగానే ఒక్క క్షణం ఆగు.

మీ మావయ్య